వడగళ్ళకు కాపలా

ఆ మధ్యాహ్నం హిలారియోన్ రొప్పుకుంటూ వచ్చేసరికి పీఫా అత్త మోకాళ్ళకు కాపడం పెట్టుకుంటోంది. పెనం మీద ఉప్పు వేడిచేసి పాత గుడ్డలో మూట కట్టుకుంది. ఎడమ మోకాలికి కాసేపు, కుడి మోకాలికి కాసేపు. రెండూ పోటీలుపడి నొప్పెడుతున్నాయి కాబట్టి దేనికీ అన్యాయం చెయ్యకూడదని ఆమె పద్ధతి.

"అత్తా, పడింది," అన్నాడు గుమ్మం పట్టుకుని.

"ఏం పడింది? నీ గాడిద మళ్ళీ గోతిలో పడిందా?"

"పిడుగు. అక్రోటు తోట దగ్గర. పెత్రోనీలా కోడలు లేదూ, జెనైదా, ఆ పిల్ల మీద. బతికింది అత్తా."

పీఫా చెయ్యి ఆగిపోయింది. ఉప్పు మూట మోకాలి మీదే ఉండిపోయి చర్మం చురుక్కుమనేదాకా ఆమెకు తెలియలేదు.

మా కొండ కింద ఊళ్ళలో పిడుగు పడి చచ్చినవాణ్ణి అదృష్టవంతుడంటారు. వాడు నేరుగా పైకి వెళ్ళి వాన పనిలో కుదురుకుంటాడు, వాడి గురించి గట్టిగా ఏడవకూడదు. పడి బతికినవాడిదే బరువు. వాణ్ణి కొండ పిలిచిందన్నమాట. వాడు కిందే ఉండి ఆ పని చెయ్యాలి, మబ్బుల్ని కనిపెట్టుకుని వడగళ్ళను పొలాల మీద నుంచి మళ్ళించాలి. పొపోకతెపెత్ల్ అగ్నిపర్వతం అని బడిపుస్తకాల్లో రాసుకునే ఆ కొండను ఇక్కడ ఎవరూ అలా పిలవరు. ఆయన గోయో తాత. పక్కన పడుకున్న మంచుకొండ తెల్లమ్మ. తాత పొగ వదిలితే ఈవేళ చుట్ట ముట్టించాడంటారు, బూడిద రాలిస్తే ముసలాడికి కోపం వచ్చిందంటారు.

పీఫా డెబ్బై దాటిన మనిషి. ఊరికి ఉన్న మబ్బుల కాపరి ఆమె ఒక్కతే. పిడుగు పడి బతికినవాళ్ళే ఆ పనికి అర్హులు కాబట్టి, ఇంకొకరి మీద పడేదాకా ఆమెకు విడుదల లేదు. పడ్డాయి కొన్ని. ఒక గొర్రె మీద పడింది, చర్చి గంట మీద పడింది, ఒకసారి హిలారియోన్ వాళ్ళ మరుగుదొడ్డి మీద కూడా పడింది. మనిషి మీద పడి ఆ మనిషి బతకడం మాత్రం ఇన్నేళ్ళలో ఇదే.

అందుకని ఆమెకు ముందు కలిగింది సంతోషం. పాతికేళ్ళ పిల్ల పిడుగుపాటుకు గురైందంటే గుండె ఝల్లుమనాల్సిన చోట ఆమెకు, అమ్మయ్య, ఇక కూర్చోవచ్చు, అనిపించింది. తరవాతే సిగ్గేసింది.

"ఎలా ఉంది పిల్ల?" అని అప్పుడు అడిగింది.

"మాట్లాడుతోంది, చెవుల్లో హోరంటోంది. పెత్రోనీలా ఎవర్నీ దగ్గరికి రానివ్వట్లేదు. నువ్వు చూసేదాకా ఇంకో కన్ను పడకూడదని దుప్పటి కప్పేసింది. అత్తా, సిలువ పండుగ వచ్చేస్తోంది. ఈసారి కొండ ఎక్కేది ఇద్దరు. వచ్చే ఏడు నువ్వు ఎక్కక్కర్లేదు." హిలారియోన్ ఊరి పంటల సంఘం పెద్ద. అతనికి పీఫా అంటే ప్రేమే, అక్రోటు కాయలంటే ఇంకొంచెం ఎక్కువ ప్రేమ. "రేపు పొద్దున్నే చూస్తావుగా? గుర్తు చెరిగిపోకముందే."

"చూస్తా. ఆ పొయ్యిలో కట్టె కొంచెం లోపలికి తోసి వెళ్ళు. నాకు వంగితే లేవడం కుదరట్లేదు."

అతను వెళ్ళాక ఆమె ఉప్పు మూట రెండో మోకాలికి మార్చింది. కింద అట్లిస్కో పట్నంలో కూతురు ఒతీలియాకు పండ్ల దుకాణం ఉంది. దుకాణం వెనక ఒక గది, మెట్లు లేని గది. ఆ గదిలో మంచం ఏ గోడకు వేసుకోవాలో ఆలోచించుకుంది.

పీఫా పూర్తి పేరు ఎపిఫానియా. ఆమె మీద పిడుగు పడినప్పుడు పంతొమ్మిదేళ్ళు. అన్న మెలెసియోతో కలిసి గొర్రెల్ని తోలుకొస్తోంది. వానకు ఇద్దరూ ఒక బండ పక్కన చేరారు. మెలెసియో ఏదో జోకు మొదలుపెట్టాడు, గాడిద మీద పెళ్ళికి వెళ్ళిన మనిషి కథ. అది చివరిదాకా చెప్పలేదు. ఆమె కళ్ళు తెరిచేసరికి ఒక కాలి చెప్పు లేదు, నోట్లో ఇనుము రుచి, అన్న పక్కనే బోర్లా పడున్నాడు. జుట్టు కాలిన వాసన. ఆ వాసన ఇప్పటికీ కోడి ఈకలు కాల్చినప్పుడల్లా వస్తుంది, అందుకే ఆమె కోళ్ళను వేడినీళ్ళలో ముంచి ఒలుస్తుంది.

తల్లిని ఏడవనివ్వలేదు. ఏడిస్తే మెలెసియో దారి తడిసి కాలు జారతాడన్నారు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని మూడు పూటలు రొట్టెలు చేసింది. మర్నాడు లూసియో వచ్చాడు. అప్పటి మబ్బుల కాపరి ఆయన. అందర్నీ బయటికి పంపి పీఫా భుజం మీద గుర్తు చూశాడు. పిడుగు తాకి బతికినవాళ్ళ ఒంటి మీద ఎర్రటి గీతలు వస్తాయి, ఆకు ఈనెలు విప్పి పరిచినట్టు. ఒకటి రెండు రోజుల్లో మాయమవుతాయి. గుర్తు ఉంటే పిలుపు. గుర్తు లేకపోతే పిడుగు పడింది పక్కనున్న చెట్టుకో బండకో, మనిషికి తగిలింది దెబ్బ మాత్రమే. తేడా చెప్పాల్సింది కాపరి ఒక్కరే.

"పిలిచాడమ్మా నిన్ను," అన్నాడు లూసియో. "కాదనకు. కాదన్నవాళ్ళు మంచం పట్టి పోతారు."

ఇంక కాదనేదేముంది? ఆ ఏడు సిలువ పండుగకు ఆమెను కొండమీద గుహకు తీసుకెళ్ళారు. ఆ గుహను కొండ బొడ్డు అంటారు. అక్కడ ఆమె తల మీద పూల కిరీటం పెట్టి, చేతికి ఈతాకు చీపురు ఇచ్చి, సాంబ్రాణి పొగలో నిలబెట్టి, ఇకనుంచి నువ్వు తాత మనిషివి అన్నారు. ఆ పూట ఆమె చాలా గర్వపడింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల కాళ్ళ ముందు ముసలాళ్ళు మోకరిల్లితే గర్వపడదా ఏమిటి?

ఈ పని కొత్తది కాదు. తెల్లదొరలు కొత్తగా వచ్చిన కాలంలో మబ్బుల్ని ఆపేవాళ్ళను చర్చివాళ్ళు పట్టుకెళ్ళి, ఈ విద్య నీకు సైతాను నేర్పిందా అని విచారించేవారట. విచారణ చేసిన పాదిరీలే తమ గోధుమ చేలకు వడగళ్ళ భయం వచ్చినప్పుడు దొడ్డిదారిన మళ్ళీ వాళ్ళకే కబురు పెట్టేవారట. తరవాత జమీల కాలంలో లూసియో వాళ్ళ తాతను దొర జీతానికి పెట్టుకున్నాడు. వడగళ్ళు పడిన ఏడు ఆయన్ను కొట్టంలో గుంజకు కట్టేసి, పడని ఏడు ఒక గొంగడి ఇచ్చేవాడు. ఇదంతా ఏ పుస్తకంలోనూ లేదు. లూసియో కొండ ఎక్కేటప్పుడు ఆయాసం తీర్చుకోవడానికి ఆగిన ప్రతిచోటా కొంచెం కొంచెంగా చెప్పాడు.

పని చెప్పుకోవడానికి చిన్నదే. మే నుంచి అక్టోబరు దాకా ఊరు దాటకూడదు. బూడిదరంగు మబ్బు అడుగున తెల్లటి అంచు కనబడితే అది వడగళ్ళ మబ్బు. అప్పుడు అన్నం ముందున్నా, ఒంట్లో జ్వరమున్నా లేచి గట్టు మీదికి వెళ్ళాలి. మట్టలాదివారం నాడు దీవించిన మట్ట కాల్చి, చీపురుతో గాలిలో సిలువ గీసి, అటు పో అటు పో అని రాళ్ళ లోయ వైపు తరమాలి. పైన పనిచేసేవాళ్ళను పేరుపేరునా పిలవాలి. పీఫా ప్రతిసారీ మెలెసియోను ముందు పిలుస్తుంది. అన్నా, చూసుకో, అంటుంది. మబ్బు ఒక్కోసారి మళ్ళుతుంది, ఒక్కోసారి మళ్ళదు.

ఒతీలియా కాన్పు ఆగస్టులో వచ్చింది. అడ్డం తిరిగిన కాన్పు. కింద ఆస్పత్రి నుంచి కబురొచ్చేసరికి పీఫా గట్టు మీద ఉంది. బస్సు వెళ్ళిపోతుంటే పైనుంచి చూసింది. బిడ్డ దక్కింది, తల్లి దక్కింది, ఇద్దరికీ పీఫా ముఖం మాత్రం నవంబరులో కనబడింది.

"నీకు మబ్బులు ఉన్నాయిగా అమ్మా," అంది ఒతీలియా. అంతే అంది. ఆ తరవాత ప్రతి ఏడూ, ఈ వానాకాలం మా దగ్గరికి రా, అని ఒక్కసారి పిలిచేది. ఈ ఏడు పిలవలేదు.

ఊళ్ళోవాళ్ళకు కూడా పీఫా మీద నమ్మకం సన్నగిల్లుతోంది. రెండేళ్ళ కిందట బేరిపళ్ళ మీద వడగళ్ళు పడి, పళ్ళన్నీ మశూచి వచ్చినట్టయ్యాయి. ఆవిడ చీపురు అరిగిపోయిందిలే, అని సంతలో అన్నారు. ఆమె విన్నది. నిజానికి వాళ్ళకు తెలియనిది ఇంకొకటి ఉంది. మార్చిలో గోయో తాత పుట్టినరోజుకు ఆయనకు ఏం కావాలో కాపరికి కలలో చెబుతాడని ఊరి నమ్మకం. పీఫాకు కలలు రావడం ఆగిపోయి చాలా ఏళ్ళయింది. పడుకుంటే మోకాళ్ళ నొప్పులు, లేకపోతే ఏమీ లేదు. అందుకని ఆమే ఏదో ఒకటి చెబుతూ వస్తోంది.

"పోయినేడు నీలం సూటు, బూట్లు అడిగాడన్నావు," అన్నాడు హిలారియోన్ ఈ మార్చిలో. "ఇప్పుడు టోపీ ఒక్కటే చాలంటున్నాడా? తాత ఇంత పొదుపరి ఎప్పుడయ్యాడు?"

"ముసలాడు కదరా, కోరికలు తగ్గాయి," అంది పీఫా. సూటు, బూట్లు, కోడి, మోలె పులుసు, సారా సీసా, ఇవన్నీ మోసుకుంటూ ఎక్కాల్సింది ఆమే. టోపీ అయితే తల మీద పెట్టుకుని ఎక్కొచ్చని ఆమె లెక్క.

మర్నాడు పొద్దున పెత్రోనీలా ఇంటికి వెళ్ళేసరికి వాకిట్లో అప్పుడే సగం ఊరు ఉంది. చర్చి నుంచి మడత కుర్చీలు కూడా తెచ్చేశారు. పెత్రోనీలా తలకు కొత్త రిబ్బను కట్టుకుంది, పొయ్యి మీద చాక్లెట్టు మరుగుతోంది, రెండు కోళ్ళు అప్పటికే ప్రాణాలు వదిలాయి. కోడలు అన్నం తింటే లెక్కపెట్టే మనిషి పెత్రోనీలా. ఇవాళ కోడలి పేరు తలుచుకుంటేనే కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది.

"రా వదినా, రా. మా ఇంట్లో ఇలాంటిది జరుగుతుందని కల్లో కూడా అనుకోలేదు. నేను చూడలేదు సుమా. దుప్పటి అలాగే ఉంచాను. నర్సొచ్చి గుండె చూసి, కింద ఆస్పత్రికి పొమ్మని చీటీ ఇచ్చింది. ఆస్పత్రి ఎందుకు, నువ్వుండగా? చీటీ మేరీమాత పటం వెనక పెట్టేశాను."

"కుర్చీ ఇవ్వు లోపలికి. నిలబడి చూడలేను."

హిలారియోన్ కుర్చీ తెచ్చి లోపల వేశాడు. ఆమె చెవి దగ్గర వంగి, "త్వరగా చెప్పెయ్ అత్తా, బాణసంచా కూడా తెచ్చాం," అని వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు.

జెనైదా పక్కకు తిరిగి పడుకుని ఉంది. రెండేళ్ళ పిల్ల ఒకతి మంచం కింద మొక్కజొన్న కంకి దొర్లిస్తూ ఆడుకుంటోంది. పీఫా దుప్పటి తీసి, కాలిన రవిక పక్కకు జరిపింది.

మెడ నుంచి నడుం దాకా ఉంది గుర్తు. ఇంత పెద్దది ఆమె వినను కూడా లేదు. పెద్ద ఈనె, దాన్నుంచి చిన్న ఈనెలు, వాటి నుంచి ఇంకా సన్నవి. ఎర్రగా, ఎక్కడా చెదరకుండా. తన భుజం మీద వచ్చింది దీని ముందు గోటి గీత. తాత పిలవడమంటూ ఉంటే ఇదే పిలుపు. పీఫాకు అట్లిస్కో గది, మెట్లు లేని గది, తలుపు తెరుచుకున్నట్టే అనిపించింది.

"ఉందా అమ్మమ్మా?" అంది జెనైదా. చెవుల్లో హోరు వల్లనేమో కొంచెం గట్టిగా అడిగింది.

"మెల్లగా మాట్లాడు. ఒళ్ళు ఎలా ఉంది?"

"దురద. కాలివేళ్ళు తెలియట్లేదు. అమ్మమ్మా, సోమవారం నుంచి నేను అట్లిస్కోలో పూలమొక్కల తోటలో పనికి చేరాలి. మా పిన్ని కూతురు మాట్లాడిపెట్టింది. పిల్లను కూడా తీసుకెళ్తున్నా. మా ఆయన శనివారం వచ్చి సామాను కడతానన్నాడు. అత్తకు ఇంకా చెప్పలేదు." ఆ పిల్ల తల తిప్పి చూసింది. కళ్ళలో ఎర్ర జీరలు. "నువ్వు ఉందంటే నేను వెళ్ళలేను కదా?"

"వెళ్ళలేవు."

"కాదంటే చస్తానా? అందరూ అలాగే అంటారుగా."

సమాధానం పీఫా నాలిక మీద సిద్ధంగా ఉంది. పిలిచాడమ్మా నిన్ను, కాదనకు. లూసియో అన్న మాటలు, అదే వరస. నోరు తెరవడమే ఆలస్యం. నోరు తెరిచేలోపు ఆమెకు లూసియో కనబడ్డాడు. ఆ రోజు ఆయన ఎలా నిలబడ్డాడో ఇన్నేళ్ళూ ఆమెకు గుర్తుకే రాలేదు, ఇప్పుడు వచ్చింది. గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఒక చెయ్యి మోకాలి మీద ఉంది. గుర్తు చూసి, ఊపిరి వదిలి, ఆ తరవాత అన్నాడు ఆ మాట. ఆ ఊపిరి ఏమిటో ఆమెకు నిన్నటి నుంచి తెలుసు. నిన్న ఉప్పు మూట మోకాలి మీద పెట్టుకుని ఆమె వదిలిన ఊపిరి అదే.

ఇంకొకటి కూడా ఉంది. పెళ్ళయిన చాలా ఏళ్ళకు పీఫాకు క్రిసోఫోరో సంగతి తెలిసింది. పక్క ఊరి బస్సు డ్రైవరు. ఆమెకంటే ముందే అతని మీద పిడుగు పడింది, గుర్తు వచ్చింది, లూసియోనే వెళ్ళి చూశాడు. క్రిసోఫోరో ఆయన్ను వెళ్ళిరమ్మని చెప్పి మర్నాడు బస్సెక్కి స్టీరింగు పట్టుకున్నాడు. మంచమూ పట్టలేదు, పోనూ లేదు. మనవల్ని ఎత్తుకుని, పొట్ట పెంచి, షుగరు వచ్చి ఎనభై ఏళ్ళకు పోయాడు. లూసియోకు ఇది తెలుసు. పంతొమ్మిదేళ్ళ పిల్లకు చెప్పలేదు. తెలిసిన రోజు పీఫా లూసియో సమాధి దాకా వెళ్ళి, ఏమీ అనకుండా తిరిగొచ్చింది. అప్పటికి ఆమె పని మానడానికి భయపడే వయసు దాటిపోయింది, ఇంకో పని నేర్చుకునే వయసు కూడా దాటిపోయింది.

"చావవు," అంది పీఫా.

జెనైదా మోచేతి మీద లేచింది.

"ఒకడు కాదన్నాడు. నాకు తెలుసు. వాడు నీకంటే లావుగా బతికాడు." పీఫా రవిక సరిచేసింది. "ఇప్పుడు నేను చెప్పేది విను. నాకు ఓపిక లేదు. ఈ మోకాళ్ళతో ఇంకో వానాకాలం గట్టు ఎక్కలేను. నువ్వు ఊఁ అంటే నేను పండుగ కాగానే కూతురి దగ్గరికి పోతా. నువ్వు ఊఁ అనాలనే వచ్చాను ఇక్కడికి. అబద్ధమెందుకు, అదే నా కోరిక. కానీ చస్తావని మాత్రం చెప్పను. నాకు అలా చెప్పినాయన కూడా అలిసిపోయి ఉన్నాడు."

మంచం కింద పిల్ల కంకిని గోడకేసి కొట్టింది. బయట ఎవరో గొంతు సవరించుకున్నారు.

"ఆగుతాయా అమ్మమ్మా, వడగళ్ళు? నిజంగా?"

"ఏమో. అవి మళ్ళినప్పుడు నేను అక్కడున్నాను. మళ్ళనప్పుడూ అక్కడే ఉన్నాను."

పీఫా కనిపెట్టుకుని కూర్చుంది. సిగ్గు విడిచి చెప్పాలంటే ఆమెకు ఇంకా ఆశ ఉంది. నిజం చెప్పాం కదా, నిజం చెప్పినందుకైనా పిల్ల మనసు కరిగి, నేను చేస్తాలే అమ్మమ్మా నువ్వు వెళ్ళు, అంటుందేమోనని ఎదురుచూసింది.

"అయితే చెట్టుకు పడిందని చెప్పు," అంది జెనైదా. "నన్ను క్షమించు. చెట్టుకు పడిందని చెప్పు అమ్మమ్మా."

పీఫా తల ఊపింది. ఏదో తెగి కింద పడినట్టయింది, కానీ పెద్ద చప్పుడేమీ చెయ్యలేదు.

"నీ వీపు ఎవరికీ చూపించకు," అంది. "మీ అత్త స్నానం చేయిస్తానంటుంది, జ్వరమని చెప్పి వద్దను. ఎల్లుండికి పోతుంది గుర్తు. మేరీమాత పటం వెనక చీటీ ఉంది, అది తీసుకుని ముందు ఆస్పత్రికి పో. కాలివేళ్ళు తెలియకపోతే ఊరుకోకూడదు."

లేవబోయింది. మొదటిసారి కుదరలేదు. మంచం కోడు పట్టుకుని రెండోసారి లేచింది.

బయట అందరూ నిలబడ్డారు. హిలారియోన్ అగ్గిపెట్టె చేతిలో పట్టుకునే ఉన్నాడు.

"చెట్టుకు పడింది," అంది పీఫా. "కొమ్మ చీలింది చూశారుగా. పిల్లకు సెగ తగిలింది, అంతే. గుర్తు లేదు. ఆస్పత్రికి తీసుకెళ్ళండి."

హిలారియోన్ అగ్గిపెట్టె జేబులో పెట్టుకున్నాడు. వెనక ఎవరో ముసలాయన మడత కుర్చీ మడిచాడు, టక్కుమంది.

పెత్రోనీలా ముఖంలో రంగులు మారాయి. "లేదా?" అంది. "రవిక వెనకంతా కాలిపోయింది, చెప్పు ఎక్కడో పొలం అవతల దొరికింది, గుర్తు లేదా?"

"లేదు."

"తాత వైపు తిరిగి చెప్పు."

వాకిలి చివర నుంచి కొండ నిండుగా కనబడుతోంది. పొద్దున్నే చుట్ట ముట్టించాడు, పొగ తిన్నగా పైకి వెళ్తోంది. పీఫా ఆయన ముందు కలలు కల్పించి చెప్పింది, సూటు బదులు టోపీ ఇచ్చింది, అవి వేరు. అవి ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర ఆడే చిన్న చిన్న అబద్ధాలు. కొండకు ఎదురుగా నిలబడి పిలుపును లేదనడం వేరు. అలా అన్న కాపరి మీద రెండో పిడుగు పడుతుందని లూసియో చెప్పాడు. లూసియో చెప్పినవన్నీ అబద్ధాలు కావు. ఏవి అబద్ధాలో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

ఆమె కొండ వైపు తిరిగింది.

"ఆ పిల్ల ఒంటి మీద గుర్తు లేదు," అంది. "నువ్వే చూస్తున్నావుగా."

పెత్రోనీలా రిబ్బను ఊడదీసి చేతికి చుట్టుకుంది. వదినా అనే పిలుపు కూడా దాంతోపాటే ఊడిపోయింది. "నాకు తెలుసు పీఫా. కుర్చీ వదలాలంటే నీకు ప్రాణం పోతోంది. అందరూ నీ కాళ్ళకు మొక్కాలి, అందరూ నీ ముందు సాంబ్రాణి వెయ్యాలి. మా ఇంటి పిల్లకు ఆ గౌరవం దక్కితే ఓర్వలేవు. నడవలేని మనిషివి, చచ్చేదాకా నువ్వే ఉండాలి. ఎంత ఆశే నీకు."

జనంలో ఎవరూ ఆమెను ఆపలేదు. పీఫా వాళ్ళ ముఖాలు చూసింది. అందరికీ అదే నిజమనిపించిందని చూడగానే తెలిసింది. హిలారియోన్ కూడా నేల చూపులు చూస్తున్నాడు. ఒక్క మాట అంటే చాలు, వీపు మీద దుప్పటి తీయించి చూపిస్తే చాలు. ఇంకా ఎర్రగానే ఉంది.

"అవును పెత్రోనీలా," అంది. "నాకు ఆశ ఎక్కువే."

చాక్లెట్టు తాగమని ఎవరూ అనలేదు. ఆమె వీధిలోకి వచ్చింది. వెనకనుంచి హిలారియోన్ గొంతు వినబడింది. "అయితే సిలువ పండుగకు ఎప్పటిలాగే కదా అత్తా?"

"ఎప్పటిలాగే."

ఇల్లు ఎత్తున ఉంది. సగం దారిలో కాళ్ళు మొరాయించాయి. ఆమె రోడ్డు పక్కన గోడ మీద కూర్చుంది. ఎదురుగా గోయో తాత. నడినెత్తి మీద ఒక్క మబ్బు కూడా లేదు. అయినా ఆమె ఒకసారి పైకి చూసుకుంది, దెబ్బ పడబోయే మనిషి చూసుకున్నట్టు. కాసేపు చూసింది. ఏమీ పడలేదు. ముందు వానాకాలమంతా ఉంది, పడాలంటే బోలెడు రోజులు.

ఇన్నేళ్ళలో ఆమె ఎప్పుడూ ఆయన్ను మన్నించమనే అడిగింది, కాపాడమనే అడిగింది. ఇప్పుడు అడగడానికి ఓపిక లేదు.

"ఆ పిల్ల రాదు," అని చెప్పింది కొండకు. "నేనే ఉన్నాను. నువ్వూ ముసలాడివే కదా. సర్దుకో."